చెవులు మూసుకునే పిల్లవాడు - నోరు మూసుకోని జనం

కురుపాంలో సంతరోజు. కొండల మీది గూడల నుంచి సవరలు, జాతాపులు చింతపండు, కొండచీపుళ్ళు, పసుపు, అనాసపళ్ళు నెత్తిన పెట్టుకుని దిగివచ్చారు. బేరాల కేకలు ఒకవైపు. గిన్నెలమ్మేవాడు గరిటెతో పళ్ళెం మీద కొడుతున్న చప్పుడు ఇంకొకవైపు. ఆటోమీద మైకు కట్టి ఎవరో ఏదో ప్రకటన చేస్తున్నారు. ఇంతలో పార్వతీపురం బస్సు వచ్చి, దారి కోసం గట్టిగా హారన్ మోగించింది.

ఆ గుంపులో మీరున్నారనుకోండి. మీ చెయ్యి పట్టుకుని అయిదేళ్ళ మీ అబ్బాయి ఉన్నాడనుకోండి. హారన్ మోగిన మరుక్షణం వాడు చెయ్యి విడిపించుకున్నాడు. రెండు చెవులూ గట్టిగా మూసుకుని నేలమీద కూలబడిపోయాడు. కెవ్వున ఏడుపు. లేపబోతే కాళ్ళతో తంతాడు. కొబ్బరి బిళ్ళ ఇవ్వబోతే విసిరికొట్టాడు. చుట్టూ పదిమంది మూగారు.

"ఏటమ్మా, అలా వొగ్గేసి చూస్తావేటి? ఆడికి రెండు తగిలించు, నోరు మూసుకుంటాడు!" అన్నాడొక పెద్దమనిషి.

"ముద్దు ఎక్కువైపోనాది. అందుకే అలాగున్నాడు," అంది ఇంకొకావిడ.

"గాలేదో సోకింది. తాయెత్తు కట్టించండి," అని మూడో సలహా.

మీ మొహం కందగడ్డ అయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏం చేస్తున్నారో మీకే తెలియకుండా చెయ్యి లేచింది. పిల్లవాడి వీపు మీద ఒక దెబ్బ పడింది.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ దెబ్బ ఎవరి కోసం? పిల్లవాడి కోసం మాత్రం కాదు. దానివల్ల వాడి ఏడుపు ఆగలేదు సరికదా, రెట్టింపయింది. ఆ దెబ్బ జనం కోసం పడింది. "నేను పిల్లల్ని అదుపులో పెట్టలేని తల్లిని కాను" అని ముక్కూమొహం తెలియని వాళ్ళకు చెప్పుకోవటానికి పడింది. మళ్ళీ జన్మలో కనబడని మనుషుల మెప్పు కోసం, రోజూ మన పక్కలో పడుకునే బిడ్డని కొట్టాం. ఇటువంటి సందర్భం మీ ఇంట్లో ఒక్కసారైనా వచ్చి ఉంటే ఈ వ్యాసం మీ కోసమే.

అల్లరా? బాధా?

ముందుగా తేల్చుకోవలసినది ఇది. పైకి చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. కానీ కాస్త నిదానంగా గమనిస్తే తేడా తెలిసిపోతుంది.

పంతం పట్టి ఏడ్చే పిల్లవాడికి ఒక కోరిక ఉంటుంది. బొమ్మ కావాలి, జిలేబీ కావాలి. మధ్యమధ్యలో కళ్ళు తెరిచి మీరు చూస్తున్నారో లేదో చూస్తాడు. అడిగినది ఇస్తే ఏడుపు టక్కున ఆగిపోతుంది. చూసేవాళ్ళు లేకపోతే తానే మానేస్తాడు.

శబ్దం పడని పిల్లవాడి సంగతి వేరు. వాడికి ఏ కోరికా లేదు. ఆ చప్పుడు ఆగిపోవాలి, అంతే. మీరిచ్చే మిఠాయి వాడికి కనిపించదు. చేతులు చెవుల మీదికి పోతాయి. చెమట పడుతుంది, గుండె దడదడలాడుతుంది, కొందరికి మొహం పాలిపోతుంది. కొందరు వాంతి కూడా చేసుకుంటారు. చప్పుడు నుంచి దూరంగా తీసుకుపోతేనే నెమ్మదిస్తారు. అదైనా వెంటనే కాదు, పది నిమిషాలో పావుగంటో పడుతుంది.

ఇంకొక గుర్తు ఉంది. ఇటువంటి పిల్లలు చప్పుడు రాకముందే బెదురుతారు. మిక్సీ మూత తీస్తే చాలు, గది వదిలి పారిపోతారు. పుట్టినరోజు పండుగలో బుడగ కనిపిస్తే అది ఎప్పుడు పేలుతుందో అని దానివంకే చూస్తూ ఉంటారు. ఇది నటన కాదు. పెంకితనమూ కాదు.

ఎందుకిలా జరుగుతుంది?

శబ్దం గాలిలో అలగా వచ్చి కర్ణభేరిని కదిలిస్తుంది. దాని వెనుక ఉన్న మూడు చిన్న ఎముకలు ఆ కదలికను లోపలి చెవికి అందిస్తాయి. అక్కడ నత్తగుల్ల ఆకారంలో ఉండే భాగంలోని సన్నని రోమకణాలు దానిని విద్యుత్ సంకేతాలుగా మార్చి నరం ద్వారా మెదడుకు పంపుతాయి. పెద్ద శబ్దం వచ్చినప్పుడు చెవిలోని ఒక చిట్టి కండరం బిగుసుకుని ఆ ఎముకల కదలికను కొంత తగ్గిస్తుంది. ఆ తరువాత మెదడు తన పని తాను చేస్తుంది. అవసరమైన ధ్వనిని ముందుకు తెచ్చి, మిగతావాటిని వెనక్కి నెడుతుంది. అందుకే సంతలో అంత గోలలోనూ మనం బేరం ఆడగలం. నూనె ఎంతో, పప్పు ఎంతో వినగలం.

కొందరు పిల్లలలో ఈ వడపోత సరిగా జరగదు. గిన్నెల చప్పుడు, మైకు, హారన్, పక్కవాడి దగ్గు అన్నీ ఒకే బలంతో ఒక్కసారిగా మీద పడతాయి. మనకు మామూలుగా వినిపించే ధ్వని వాళ్ళకు భరించలేనంత పెద్దదిగా, కొన్నిసార్లు నొప్పిగా తోస్తుంది. దీనినే వైద్యులు హైపరాక్యూసిస్ అంటారు. ధ్వని పెద్దదైనా కాకపోయినా దానికి విపరీతంగా భయపడటాన్ని ఫోనోఫోబియా అంటారు. నమలటం, గుటక వేయటం, ముక్కు ఎగబీల్చటం వంటి చిన్న చప్పుళ్ళకే పట్టరాని కోపం రావటం మరొక రకం. దీనికి 2001లో మిసోఫోనియా అని పేరు పెట్టారు. ఒకే పిల్లవాడిలో ఇవి కలిసి కూడా ఉండవచ్చు.

పసికందులు చప్పుడుకు ఉలిక్కిపడి చేతులు చాచటం సహజం. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అది తగ్గిపోతుంది. రెండు మూడేళ్ళ పిల్లలు ఉరుముకూ, మిక్సీకీ భయపడటం కూడా మామూలే. చాలామందిలో వయసుతోపాటు ఆ భయం పోతుంది. పోకుండా నిలిచిపోయి, తిండికీ, బడికీ, ప్రయాణానికీ అడ్డు వస్తున్నదంటే మాత్రం కారణం వెతకాలి.

కారణాలు అనేకం. చెవిలో చీము, తలకు దెబ్బ, పార్శ్వపు నొప్పి, ముఖం ఒకవైపు వంకరపోయే పక్షవాతం, విపరీతమైన ఆందోళన వీటిలో కొన్ని. ఆటిజం ఉన్న పిల్లలలో ఇది తరచుగా కనిపిస్తుంది. 1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసంలోనే, పెద్ద చప్పుళ్ళు ఈ పిల్లలను ఎంతగా భయపెడతాయో గుర్తించాడు. 2013లో వెలువడిన అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథంలో, శబ్దం, స్పర్శ మొదలైనవాటికి అతిగా గాని, బొత్తిగా తక్కువగా గాని స్పందించటాన్ని ఆటిజం లక్షణాలలో ఒకటిగా చేర్చారు.

అయితే ఈ మాట చదివి కంగారు పడకండి. చెవులు మూసుకునే ప్రతి పిల్లవాడికీ ఆటిజం ఉండదు. చెవులు మూసుకోవటం ఒక లక్షణం మాత్రమే. లక్షణాన్ని చూసి జబ్బుకు పేరు పెట్టటం వైద్యుని పని, బస్సులో పక్క సీటువారి పని కాదు.

పిల్లవాడి ఫిర్యాదు నిజమే కావచ్చు

మనం ఒప్పుకోని సంగతి ఒకటుంది. మన ఊళ్ళలో చప్పుడు నిజంగానే ఎక్కువ. పెద్దవాళ్ళం అలవాటు పడిపోయాం, లేదా మన వినికిడి అప్పటికే కొంత మందగించింది.

మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెల్లు ఉంటుంది. 85 డెసిబెల్ల చప్పుడులో ఎనిమిది గంటలకు మించి ఉంటే పెద్దవాళ్ళ వినికిడికే ప్రమాదం. ఆపైన ప్రతి 3 డెసిబెల్లకూ ఆ వ్యవధి సగమవుతుంది. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండు గంటలు. పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. పెళ్ళి ఊరేగింపులో డీజే పెట్టెల ముందు పసిపిల్లను భుజాన ఎత్తుకుని నడిచే తండ్రులు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు మించరాదు. ఆసుపత్రులు, బడులు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతం. అక్కడ పగలు 50, రాత్రి 40. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకులు నిషేధం. పండుగల వేళ మాత్రం ఏడాదికి 15 రోజులకు మించకుండా రాత్రి 12 వరకు ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. పేలినచోటు నుంచి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్లు మించే టపాకాయలను తయారు చేయటం, అమ్మటం, కాల్చటం కూడా నిషిద్ధమే. ఈ నియమాలు ఎంత బాగా అమలవుతున్నాయో మీ వీధిలో మీరే చూస్తున్నారు.

2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడినప్పటి నుంచి కురుపాం ఆ జిల్లాలో ఉన్నది. ఆ చుట్టుపక్కల మరొక రకం చప్పుడు కూడా ఉంది. గత కొన్నేళ్ళుగా ఒడిశా వైపు నుంచి దిగివచ్చిన ఏనుగులు కురుపాం, కొమరాడ, జియ్యమ్మవలస, గరుగుబిల్లి మండలాల పొలాలలో తిరుగుతున్నాయి. వాటిని తరమటానికి రాత్రివేళ టపాకాయలు కాలుస్తారు, డప్పులు మోగిస్తారు, కేకలు వేస్తారు. ప్రాణభయంతో పెద్దలే వణికిపోయే రాత్రి అది. నిద్రలోంచి అలా లేచిన పిల్లవాడు మర్నాడు సంతలో టపాకాయ చప్పుడు విని కూలబడిపోతే దానిని పెంకితనం అని ఎలా అంటాం? వాడి చెవికి ఆ చప్పుడంటే ఏనుగు. ఇటువంటి పిల్లవాడి భయం ముందు తీరాలంటే, పగటిపూట వాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ రాత్రి ఏం జరిగిందో, పెద్దవాళ్ళు చప్పుడు ఎందుకు చేశారో నిదానంగా చెప్పాలి.

బయలుదేరే ముందు

సగం యుద్ధం ఇంట్లోనే గెలవవచ్చు. ఈ చిన్న జాగ్రత్తలు తీసుకోండి.

సంతకు వెళ్ళక తప్పకపోతే పొద్దున్నే వెళ్ళండి. రద్దీ పెరగకముందే పని ముగించుకోండి. శంబర పోలమాంబ జాతరకో, విజయనగరం సిరిమానోత్సవానికో వెళ్ళదలిస్తే సిరిమాను తిరిగే గంటలోనే ఉండాలని పట్టు పట్టకండి. ముందుగానో, ఆ సందడి తగ్గాకో అమ్మవారి దర్శనం చేసుకోవచ్చు.

ఎక్కడికి వెళ్తున్నదీ, అక్కడ ఏ చప్పుళ్ళు ఉంటాయో, ఎంతసేపు ఉంటారో పిల్లవాడికి ముందే చెప్పండి. "ముందు బస్సు ఎక్కుతాం. అది బుర్రుమంటుంది. తరువాత అమ్మమ్మ ఊరు. అక్కడ చప్పుడు ఉండదు" అని వరసగా చెప్పండి. చప్పుడు కన్నా హఠాత్తుగా వచ్చే చప్పుడు ఎక్కువ బాధిస్తుంది.

భరించలేనప్పుడు మాటలు రావు. కాబట్టి ఒక సైగ నేర్పండి. మీ చెయ్యి రెండుసార్లు నొక్కితే "ఇక్కడి నుంచి పోదాం" అని అర్థం. ఆ సైగ చేసినప్పుడు నిజంగా కదలండి. ఒక్కసారి మీరు లెక్కచేయకపోతే, ఆ తరువాత సైగ మానేసి నేలమీద కూలబడతాడు.

బస్సులో ఇంజను పక్కన కూర్చోకండి. ఆకలితో, నిద్రమత్తుతో ఉన్న పిల్లవాడికి ఓర్పు తక్కువ. అందుచేత కడుపు నింపి తీసుకువెళ్ళండి.

చెవులను పూర్తిగా కప్పే మఫ్స్ దొరుకుతాయి. మంచివి చప్పుడును 20 నుంచి 30 డెసిబెల్ల వరకు తగ్గిస్తాయి. పొడి దూది పెట్టటం వల్ల ఒరిగేది చాలా తక్కువ. చెవి లోపలికి దూర్చే బిళ్ళలు చిన్నపిల్లలకు వద్దు, నోట్లో పెట్టుకుంటే గొంతులో అడ్డం పడతాయి. నూనె పోయటం అసలే వద్దు. ఇంకొక హెచ్చరిక: మఫ్స్ రోజంతా పెట్టి ఉంచకండి. చీకటికి అలవాటుపడిన కంటికి దీపం ఎక్కువ వెలుగుగా తోచినట్టే, నిశ్శబ్దానికి అలవాటుపడిన చెవికి మామూలు చప్పుడు కూడా పెద్దదవుతుంది. టపాకాయలు, డీజే, జాతర వంటి చోట్ల మాత్రమే వాడండి.

చెయ్యి దాటినప్పుడు

ఎంత జాగ్రత్తపడినా ఒకరోజు చెయ్యి దాటుతుంది. అప్పుడు మొదట చేయవలసిన పని చప్పుడు నుంచి దూరంగా పోవటం. ఆరుబయట మైకు నుంచి మీరున్న దూరాన్ని రెట్టింపు చేస్తే ధ్వని సుమారు 6 డెసిబెల్లు తగ్గుతుంది. పది అడుగుల దూరంలో ఉన్నవారు ఇరవై అడుగులకు పోండి, వీలైతే నలభై అడుగులకు. గోడ చాటుకు పోతే ఇంకా మంచిది.

రెండవది, మీరు వాడి ఎత్తుకు వంగండి. గొంతు తగ్గించండి. వాడి అరుపు మీద మీ అరుపు వేస్తే వాడికి అది ఇంకొక చప్పుడు అవుతుంది. "ఏమైంది? ఎందుకేడుస్తున్నావు?" అని ప్రశ్నలు వేయకండి. "అమ్మ ఉంది. చప్పుడు అయిపోతుంది." ఈ రెండు ముక్కలు చాలు.

మూడవది, కొందరు పిల్లలకు గట్టిగా పొదివి పట్టుకుంటే నెమ్మది కలుగుతుంది. కొందరికి ఆ సమయంలో ఎవరు ముట్టుకున్నా పడదు. మీ పిల్లవాడు ఏ రకమో మీకే తెలుస్తుంది.

కొట్టవద్దు. చేత్తో నోరు మూయవద్దు. "అదే అలవాటవుతుంది" అని బలవంతంగా మైకు దగ్గరికి ఈడ్చుకుపోవద్దు. భయపడిన చోటే దెబ్బ కూడా తగిలితే, ఆ తరువాత చప్పుడుకూ భయపడతాడు, మీకూ భయపడతాడు.

జనంతో ఎలా వేగాలి?

ఇక జనం సంగతి. వాళ్ళు నాలుగు రకాలు. "రెండు తగిలించు" అనే గద్దింపు రకం. "మా పిల్లలు ఇలా ఎప్పుడూ చెయ్యలేదు" అనే పోలిక రకం. గాలి, దిష్టి, తాయెత్తు అనే భయపెట్టే రకం. బిస్కెట్ ఇచ్చి, బుగ్గ గిల్లి, "ఏడవకు బాబూ" అని చెవి దగ్గర చప్పట్లు కొట్టే మంచి మనసు రకం. ఈ చివరివారివల్ల కూడా పిల్లవాడికి బాధే.

నలుగురికీ ఒకటే సూత్రం. ముందు పిల్లవాడు, తరువాత జవాబు. వాదన మాత్రం వద్దు.

పిల్లవాడు నెమ్మదించే వరకు ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు. ఎవరి వంకా చూడనక్కరలేదు. మీ చూపు పిల్లవాడి మీదే ఉంటే, చాలామంది రెండు నిమిషాలలో తమ దారిన తాము పోతారు.

చెప్పక తప్పకపోతే ఒక్క వాక్యం చెప్పండి. ఆ వాక్యాన్ని ఇంటి దగ్గరే తయారుచేసి పెట్టుకోండి. కోపంలో ఉన్నప్పుడు మంచిమాట దొరకదు. గద్దించే పెద్దాయనతో, "బాబాయిగారూ, బాబుకి పెద్ద చప్పుడు పడదండీ. కాసేపట్లో సర్దుకుంటాడు" అనండి. తాయెత్తు చెప్పే పెద్దమ్మతో, "డాక్టరుగారికి చూపిస్తున్నాం అమ్మా" అనండి. బుగ్గ గిల్లబోయే ఆవిడతో, "పిన్నిగారూ, ముట్టుకుంటే ఇంకా ఏడుస్తాడండీ. కాస్త చోటిస్తే చాలు" అనండి. చోటివ్వమని అడిగితే ఆ మంచి మనసుకు కూడా ఒక పని చెప్పినట్టవుతుంది. మర్యాదగా వరస కలిపి పిలిస్తే సగం కోపాలు అక్కడే చల్లారతాయి.

పిల్లవాడి జబ్బు చరిత్ర అంతా బస్సులో విప్పనక్కరలేదు. మరీ ముఖ్యంగా పిల్లవాడి ఎదుట "వీడు ఎప్పుడూ ఇంతేనండీ, నా ప్రాణం తోడేస్తున్నాడు" అని అనకండి. ఆ గోలలో వాడికి ఇంకేమీ వినిపించకపోయినా అమ్మ మాట వినిపిస్తుంది. జనం వంద అన్నా మరచిపోతాడు. మీరన్న ఒక్కటి మరచిపోడు.

తోటి ప్రయాణికుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. రాత్రి బస్సులో నిద్ర కోసం కళ్ళు మూసుకున్నవారికి మీ పిల్లవాడి ఏడుపు ఇబ్బందే. "కాస్త ఓర్చుకోండి, సముదాయిస్తున్నాను" అని ఒక్కసారి అనటంలో తప్పు లేదు. ఒక్కసారి చాలు. పదేపదే క్షమాపణ చెప్పుకోవటానికి మీరేమీ నేరం చెయ్యలేదు.

ఎవరైనా హద్దు మీరి పిల్లవాడి మీద చెయ్యి చేసుకోబోతే మర్యాదలు పక్కన పెట్టండి. "నా పిల్లవాడిని ముట్టుకోకండి" అని పదిమందికీ వినిపించేలా చెప్పండి. కండక్టరును పిలవండి. అవసరమైతే 112కు గాని, పిల్లల సహాయానికి ఉన్న 1098కి గాని ఫోన్ చేయవచ్చు.

ఎదుటి సీటులో మీరే ఉంటే?

ఈ పేజీ చదివేవారిలో అందరికీ ఇటువంటి పిల్లలు ఉండరు. కానీ అందరం ఏదో ఒకరోజు ఆ ఎదుటి సీటులో కూర్చుంటాం. అప్పుడు చేయగల సాయం చాలా చిన్నది. గుడ్లప్పగించి చూడకండి. మీ ఫోన్‌లో పాట పెద్దగా మోగుతుంటే తగ్గించండి. "సంచీ నేను పట్టుకుంటాను, మీరు బాబును చూసుకోండమ్మా" అనండి. సలహా ఇవ్వకుండా సంచీ అందుకునే మనిషిని ఆ తల్లి చాలాకాలం గుర్తుపెట్టుకుంటుంది.

కొండ దిగివచ్చిన గిరిజన తల్లి అయితే ఈ మాట మరీ అవసరం. ఆమె సవర భాషలో బిడ్డను ఓదారుస్తూ ఉంటుంది. మన తెలుగు గద్దింపుకు తెలుగులో జవాబు చెప్పటం ఆమెకు తడుముకోవలసిన పని కావచ్చు. ఎదురు మాట రాలేదు కదా అని నోరు పారేసుకోవటం మర్యాద కాదు. చప్పుడు తక్కువ ఉండే గూడలో పెరిగిన పసివాడికి బస్సుల హారన్లూ, మైకులూ ఒక్కసారిగా మీద పడితే బెదురు పుట్టటంలో వింత ఏముంది?

ఇంటి దగ్గర సాధన

చప్పుడు నుంచి పిల్లవాడిని పూర్తిగా దాచిపెట్టటం మందు కాదు. దాచినకొద్దీ భయం పెరుగుతుంది. కొద్దికొద్దిగా పరిచయం చేయాలి. పగ్గం మాత్రం వాడి చేతిలో ఉండాలి.

మిక్సీ అంటే భయమైతే, మొదట ఆడని మిక్సీని ముట్టుకోనివ్వండి. మరునాడు వాడు గుమ్మం దగ్గర నిలబడి ఉండగా ఒక్క క్షణం తిప్పి ఆపండి. కొన్నాళ్ళకు స్విచ్చి వాడినే వేయమనండి. తానే వేసి తానే ఆపగలిగిన చప్పుడుకు భయం తగ్గుతుంది. హారన్, డప్పు వంటివాటిని ఫోన్‌లో రికార్డు చేసి, బాగా తగ్గించి, ఆటపాటల మధ్య వినిపించండి. వారాల తరబడి కొంచెం కొంచెంగా పెంచండి. బెదిరితే ఒక మెట్టు వెనక్కి రండి. ముందుకు వేసిన ప్రతి అడుగుకూ మెచ్చుకోండి.

బడిలో ఉపాధ్యాయులకు చెప్పి గంట మోగే చోటుకు దూరంగా కూర్చోబెట్టించండి. గంట కొట్టేముందు ఒక మాట చెప్పమనండి.

డాక్టరును ఎప్పుడు చూడాలి?

జ్వరం, తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవటం, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవటం కలిసి వస్తే అది మెదడు పొరల వాపు కావచ్చు. ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

చెవినొప్పి, చీము కారటం, తలకు దెబ్బ తగిలాక మొదలైన బాధ, ఉన్నట్టుండి వచ్చిన మార్పు ఉంటే చెవి, ముక్కు, గొంతు వైద్యునికి వెంటనే చూపించండి. చప్పుడుకు బెదిరే పిల్లవాడికి వినికిడి లోపం ఉండదనుకోవటం పొరపాటు. రెండూ కలిసి ఉండవచ్చు. కాబట్టి వినికిడి పరీక్ష తప్పనిసరి.

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవటం, పదహారు నెలలకు ఒక్క మాట రాకపోవటం, రెండేళ్ళకు రెండు మాటలు కలిపి అనలేకపోవటం, వచ్చిన మాటలు పోవటం, కళ్ళలోకి చూడకపోవటం వీటితో పాటు చప్పుడు భయం కూడా ఉంటే, "పెద్దయితే వస్తాయిలే" అని కూర్చోకండి. తొందరగా చూపిస్తే శిక్షణ బాగా పనిచేస్తుంది.

ఎక్కడికి వెళ్ళాలి? మొదట మీ ఊరి అంగన్‌వాడీ కార్యకర్తకు గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేసి, అవసరమైనవారిని పెద్ద కేంద్రాలకు పంపుతారు. విశాఖపట్నంలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఉంది. బుద్ధి వికాసానికి సంబంధించిన సమస్యలకు సికింద్రాబాద్‌లో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం కూడా ఒకటి. నిర్ధారణ అయితే ధ్రువపత్రం తీసుకోవటానికి సిగ్గుపడకండి. అది మీ పిల్లవాడి హక్కు.

తాయెత్తు కట్టించుకోవటం మీ నమ్మకం. కట్టించుకున్నా, వినికిడి పరీక్ష మాత్రం వాయిదా వేయకండి.

వచ్చే సంతకు మీరు మళ్ళీ వెళ్తారు. మళ్ళీ హారన్ మోగుతుంది. మళ్ళీ ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. ఆ రెండింటినీ ఆపటం మన చేతిలో లేదు. కానీ పిల్లవాడు మీ చెయ్యి రెండుసార్లు నొక్కిన వెంటనే, బేరం సగంలో ఆపి, వాడితో కలిసి నలభై అడుగులు నడవటం మీ చేతిలో ఉంది. జనం ఏమనుకుంటారో అన్న బెంగ ఇంటికి వచ్చాక పడవచ్చు. ముందు అక్కడి నుంచి కదలండి.